మందుకు ముందు నమూనా తీయండి: వైద్యులకు, ఆసుపత్రి నిర్వాహకులకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు, ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను. రోగికి జబ్బు తెచ్చిన సూక్ష్మజీవి ఏదో తేల్చి, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చెప్పడం మా వృత్తి. ఈ లేఖలోని విషయాలు మీకు కొత్తవి కావు. నమూనాను తిప్పి పంపిన ప్రతిసారీ కారణం రాశాం. వార్డు గోడలకు సూచనలు అంటించాం. సమావేశాల్లో ప్రస్తావించాం, లిఖితపూర్వకంగా విన్నవించాం. ‘చూద్దాం’ అన్న మాట దగ్గరే అన్నీ ఆగిపోయాయి. అందుకే ఈసారి రోగులూ వారి బంధువులూ కూడా చదివేలా రాస్తున్నాను.

ఇది ఏ ఒక్క వైద్యుడి మీదా ఫిర్యాదు కాదు. కిక్కిరిసిన వార్డులో రాత్రంతా ఒంటరిగా పరుగులు పెట్టే జూనియర్ డాక్టరు అవస్థ మాకు తెలుసు. నా ఫిర్యాదు ఏర్పాట్ల మీద. రోగి మంచానికీ మా ల్యాబు బల్లకూ మధ్య ఒక దారి ఉంది. దానికి బాధ్యులంటూ ఎవరూ లేరు. సూక్ష్మజీవి ఆచూకీ ఎక్కువగా గల్లంతయ్యేది ఆ దారిలోనే.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో క్షయకు కారణమైన బాసిల్లస్ అనే బ్యాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించాడు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బ్యాక్టీరియాకు రంగు వేసి గుర్తుపట్టే తన పద్ధతిని ప్రచురించాడు. 1887లో పెట్రి సూక్ష్మజీవులను పెంచే తన మూతగల గాజు పళ్లేన్ని పరిచయం చేశాడు. ఇవాళ్టికీ మా పని వాటితోనే మొదలవుతుంది. వాటి పక్కన ఇప్పుడు సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ ఉంది. పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియా గుంపు (కాలనీ) ఏ జాతిదో నిమిషాల్లో చెప్పే మాల్డీ-టాఫ్ యంత్రం ఉంది. క్షయనూ, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు లొంగుతుందా లేదా అన్న సంగతినీ రెండు గంటల్లో తేల్చే కార్ట్రిడ్జ్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఆమోదించింది. అయితే సీసాలోకి రాని బ్యాక్టీరియాను ఏ యంత్రమూ పట్టుకోలేదు. యంత్రం ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ యంత్రానికి అందించే నమూనా ఎలా వస్తోందో చూడటానికి మాత్రం ఇంతవరకు ఎవరూ వచ్చింది లేదు.

ఇక అసలు విషయాలు.

1. మందు ముందు, నమూనా తర్వాత. మా దగ్గరికి వచ్చే రక్త నమూనాల్లో చాలా వాటి కథ ఇదే. జ్వరంతో వచ్చిన రోగికి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. తగ్గకపోతే మార్చి ఇంకొకటి ఇస్తారు. దానికీ తగ్గకపోతే అప్పుడు కల్చర్ (నమూనాలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) గుర్తొస్తుంది. ఈలోగా రక్తంలోని బ్యాక్టీరియా పూర్తిగా చావకపోయినా మా సీసాలో పెరిగే స్థితిలో ఉండదు. దీనివల్ల జరిగే నష్టం ఎంతో 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. తీవ్రమైన సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితితో) వచ్చిన 325 మంది నుంచి మందుకు ముందు ఒకసారి, మందు మొదలైన రెండు గంటల్లోపు మరోసారి రక్తం తీశారు. ముందు తీసిన నమూనాల్లో 31.4 శాతం మందిలో సూక్ష్మజీవి దొరికింది. తర్వాత తీసిన వాటిలో 19.4 శాతం మందిలోనే దొరికింది. అవే శరీరాలు, అదే జబ్బు, తేడా రెండు గంటల లోపే. మా దగ్గరికి రెండు రోజుల తర్వాత, మూడు రోజుల తర్వాత వచ్చే నమూనాల సంగతి మీరే ఊహించండి.

రోగికి ఇది ఎలా తగులుతుంది? రిపోర్టులో ‘పెరుగుదల లేదు’ అని వస్తుంది. దాన్ని ‘ఇన్‌ఫెక్షన్ లేదు’ అని చదువుకునేవారు కొందరు. ‘ఇంకా బలమైన మందు కావాలి’ అని చదువుకునేవారు మరికొందరు. రెండూ తప్పే. దొరకకపోవడానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. చివరికి ఏ మందు దేనికి ఇస్తున్నారో తెలియకుండానే రోగి వారాల తరబడి సెలైన్ స్టాండు పక్కన గడుపుతాడు. మూత్రపిండాలను దెబ్బతీయగల మందులు కూడా ఇలా గుడ్డిగానే ఎక్కుతుంటాయి. క్షయ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. దగ్గు, జ్వరం అనగానే ఫ్లోరోక్వినోలోన్ రకం యాంటీబయాటిక్‌లు రాసేస్తే క్షయ కొన్నాళ్లు అణిగినట్టు కనిపిస్తుంది, నిర్ధారణ వెనక్కిపోతుంది. ఆ వ్యవధిలో ఇంట్లో పిల్లలకూ ముసలివాళ్లకూ అది అంటుకోవచ్చు.

ఒక విషయంలో నన్ను అపార్థం చేసుకోవద్దు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానమున్నా, సెప్సిస్ ముదిరి రక్తపోటు పడిపోయే సెప్టిక్ షాక్ వచ్చినా మా నమూనా కోసం మందు ఆపమని నేను అనడం లేదు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. కానీ రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. సీసాలు చేతికందే దూరంలో ఉంటే మందు కలిపేలోపు ఆ పని అయిపోతుంది. చాలా అత్యవసర విభాగాల్లో ఆ సీసాలు స్టోరు బీరువాలో, తాళం చెవి ఇంకొకరి జేబులో ఉంటాయి.

2. రెండు మిల్లీలీటర్ల రక్తం. పెద్దవారి రక్తంలో బ్యాక్టీరియా ఉన్నా చాలామందిలో మిల్లీలీటరుకు పదికి మించదు. మిల్లీలీటరుకు ఒక్కటి కూడా లేనివారూ ఉంటారు. అందుకే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు సీసాలు కలిపి ఒక సెట్టు, కనీసం రెండు సెట్లు, వేర్వేరు చోట్ల గుచ్చి తీయాలన్న నియమం వచ్చింది. మాకు అందేది తరచుగా ఒకే సీసా, అందులో అడుగున మరక లాగా రెండు మిల్లీలీటర్లు. ‘రోగి నీరసంగా ఉన్నాడు, అంత రక్తం ఎలా తీస్తాం’ అని బంధువులు అడ్డుపడతారని చెబుతారు. వారికి వివరించే బాధ్యత మనదే. చాలీచాలని రక్తం తీసి, ఫలితం రాక, మళ్లీ మళ్లీ గుచ్చడం వల్ల పోయే రక్తం తక్కువేమీ కాదు. పిల్లలకు బరువును బట్టి తక్కువ తీయాలి, ఆ పట్టిక ప్రతి వార్డులోనూ ఉండాలి.

3. ఫార్మలిన్. దీని గురించి ఎన్నిసార్లు రాశామో చెప్పను. శస్త్రచికిత్సలో తీసిన కణజాలం ముక్క మొత్తాన్నీ అలవాటుగా, కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ అనే రసాయనంలో వేసి పంపుతారు. పాథాలజీ వారికి అదే కావాలి. మాకు మాత్రం అది శవం. అందులో ఇక ఏదీ పెరగదు, ఏ మందుకు లొంగుతుందో పరీక్షించే దారి మూసుకుపోతుంది. వెన్నుపూసలో చీము పట్టిన రోగినే తీసుకోండి. అది క్షయా, స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియానా, పశువుల నుంచి అంటుకునే బ్రూసెల్లానా అన్నదాన్ని బట్టి మందులు మారతాయి, వాడాల్సిన నెలలు మారతాయి. ఆ ముక్కను తీయడానికి మత్తిచ్చి, సూదితోనో కత్తితోనో వెన్ను దాకా వెళ్లారు. అంత శ్రమపడి తీసిన దాన్ని ఆఖరి క్షణంలో ఫార్మలిన్‌లో ముంచడంతో మళ్లీ ఆపరేషన్ చేయాలా, లేక ఊహ మీద ఏడాది పాటు మందులు మింగించాలా అన్న పరిస్థితి రోగికి వస్తుంది. ఆపరేషన్ గదిలో రెండు డబ్బాలు ఉంచితే చాలు. ఒకటి ఫార్మలిన్‌తో, రెండోది సూక్ష్మజీవులు లేని సెలైన్‌తో. దీనికి నిధులు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు.

4. ఖాళీ ఫారాలు. నమూనాతో వచ్చే కాగితం మీద పేరు, వార్డు తప్ప మరేమీ ఉండదు. అనుమానిస్తున్న జబ్బు అన్నచోట ‘జ్వరం’ అనో, ఒక అడ్డగీతో ఉంటుంది. దీన్ని గుమాస్తా పనిగా తీసిపారేస్తున్నారు. నిజానికి మేము ఏ పళ్లెంలో వేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఏ వేడి దగ్గర పెంచాలి అన్నవన్నీ ఆ కాగితమే చెబుతుంది. అన్ని సూక్ష్మజీవులూ ఒకే తిండి తిని ఒకే వేగంతో పెరగవు.

1976 జూలైలో ఫిలడెల్ఫియాలో జరిగిన మాజీ సైనికుల సభ తర్వాత 200 మందికి పైగా న్యుమోనియాతో పడిపోయారు, 34 మంది చనిపోయారు. మామూలు పళ్లేల మీద ఏదీ పెరగలేదు. విషమేమో అని కూడా వెతికారు. 1977 జనవరిలో గాని ఆ బ్యాక్టీరియా దొరకలేదు. తర్వాత తెలిసింది, లీజియొనెల్లా అని పేరు పెట్టిన ఆ బ్యాక్టీరియాకు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, ఇనుము కలిపిన ప్రత్యేకమైన మాధ్యమం (సూక్ష్మజీవులను పెంచే తిండి) కావాలని. ఇవాళ ఆ మాధ్యమం ఉంది. కానీ మేము దాన్ని ప్రతి కఫానికీ వాడం, వాడలేం. మీరు ‘లీజియొనెల్లా అనుమానం’ అని రెండు మాటలు రాస్తేనే అది బయటికి వస్తుంది. కడుపు పుండ్లకు కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరీ సంగతీ అంతే. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పళ్లేలు మామూలుగా ఉంచే రెండు రోజులు దాటి ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి కాబట్టి మార్షల్, వారెన్‌లకు అది కనిపించింది. ఆ పనికి 2005లో నోబెల్ వచ్చింది. అందరు రోగులకూ అలాంటి సెలవులు కలిసిరావు.

జ్వరం ఎన్నో రోజో రాయకపోతే డెంగీకి ఏ పరీక్ష చేయాలో కూడా మాకు తెలియదు. తొలి రోజుల్లో ఎన్ఎస్1 యాంటిజెన్ అనే వైరస్ ప్రొటీన్ దొరుకుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు సాధారణంగా అయిదో రోజు తర్వాతే కనిపిస్తాయి. రెండో రోజున ఐజీఎం చేసి ‘డెంగీ లేదు’ అని ఇంటికి పంపితే, ఆ మనిషి అయిదో రోజున ఏ స్థితిలో తిరిగొస్తాడో మీకు వేరే చెప్పాలా?

ఖాళీ ఫారం మా ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. బ్రూసెల్లా ల్యాబు సిబ్బందికి తేలిగ్గా అంటుకుంటుంది, పళ్లెం మూత తీసి గాలిలో పనిచేస్తే చాలు. పశువులతో పనిచేసే రోగి అనో, బ్రూసెల్లా అనుమానమనో రాస్తే దాన్ని భద్రతా క్యాబినెట్‌లోనే తెరుస్తాం. రాయకపోతే మామూలు బల్ల మీద తెరుస్తాం. అక్కడ కూర్చునేది చాలాసార్లు కాంట్రాక్టు మీద వచ్చిన చిన్న వయసు టెక్నీషియన్. ఆ పిల్లకు జ్వరం వస్తే సెలవు జీతం కూడా ఉండదు.

5. దారిలో కాలం. ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పది రెట్టింపులకు ఒకటి వెయ్యి దాటుతుంది. మూత్రంలో మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా ఉంటే ఇన్‌ఫెక్షన్ అని లెక్కవేసే చోట, ఉదయం తీసిన మూత్రం మధ్యాహ్నం దాకా కిటికీ పక్కన ఉంటే ఆ లెక్కకు అర్థమేముంది? రెండు గంటల్లోపు మాకు చేర్చండి, లేదా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్ను నుంచి తీసిన ద్రవాన్ని మాత్రం ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టకండి, మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ చలికి చచ్చిపోతుంది. విరేచన నమూనాలో షిగెల్లా ఎక్కువసేపు బతకదు, దారిలో దాన్ని బతికించే కేరీ-బ్లెయిర్ మాధ్యమం వాడాలి. క్షయ పరీక్షకు ఉమ్ము పనికిరాదు, లోపలి నుంచి దగ్గి తీసిన కఫం కావాలి. సూక్ష్మదర్శినిలో కనబడాలంటే మిల్లీలీటరు కఫంలో కనీసం 5,000 నుంచి 10,000 బాసిల్లైలు ఉండాలి. ఉమ్ములో వాటిని వెతకమంటే ఏం వెతుకుతాం?

ఇవన్నీ చాలా ల్యాబులు సాయంత్రానికే మూతపడుతుండటం వల్ల ఇంకా అధ్వానమయ్యాయి. సెప్సిస్ పగటిపూట మాత్రమే వచ్చే జబ్బు కాదు కదా.

6. పెరిగినదల్లా దోషి కాదు. ఇది పై వాటికి రెండో వైపు. 1892లో రిచర్డ్ ఫైఫర్ ఇన్‌ఫ్లుయెంజా రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి అదే కారణమన్నాడు. 1918 మహమ్మారిలో కూడా చాలామంది అదే నమ్మి దాని మీద టీకాలు తయారుచేశారు. అసలు కారణమైన వైరస్‌ను మనుషుల నుంచి వేరుచేసింది 1933లో. మన వార్డుల్లో ఫైఫర్ పొరపాటు రోజూ జరుగుతోంది. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫిలోకాకస్ ఒక్క సీసాలో పెరగగానే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారిలో అదే బ్యాక్టీరియా నిజమైన శత్రువు కావచ్చు. ఆ తేడా తేల్చడానికే రెండు సెట్లు అడుగుతాం. మానని పుండు పైపైన దూది పుల్లతో రుద్ది పంపుతారు, అక్కడ దొరికేదంతా ఉపరితలం మీద కాపురముండేవే. చీము తీసి పంపండి, కణజాలం పంపండి. మూత్రం గొట్టానికి (క్యాథెటర్‌కు) తగిలించిన సంచిలోంచి వంచిన మూత్రం పంపకండి. అలాంటి నమూనాకు మేము రాసిన పేరు రోగికి అక్కర్లేని యాంటీబయాటిక్‌గా మారి తిరిగొస్తుంది.

7. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్త పరీక్ష 1896 నాటిది. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చేయకండి. గతంలో వచ్చిన జబ్బు, వేసుకున్న టీకా, వేరే ఇన్‌ఫెక్షన్లు, ఏవైనా దాన్ని పాజిటివ్‌గా చూపగలవు. రక్త కల్చర్ కూడా అన్ని టైఫాయిడ్‌లనూ పట్టదు, నిజమే. కానీ పట్టినప్పుడు ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. వైడాల్ ఆ మాట ఎప్పటికీ చెప్పలేదు.

8. చదవని రిపోర్టు. రక్తం సీసా పాజిటివ్ అని యంత్రం చెప్పిన గంటలో గ్రామ్ స్టెయిన్ (పైన చెప్పిన రంగుల పరీక్ష) చేసి వార్డుకు ఫోను చేస్తాం. ఎత్తేవారు ఉండరు. ఎత్తినవారు ‘డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారు’ అంటారు. పూర్తి రిపోర్టు రెండు మూడు రోజుల్లో వెళ్తుంది. పాత, చవకైన, కొన్ని బ్యాక్టీరియాల మీదే పనిచేసే ఇరుకు పరిధి మందు చాలని అందులో స్పష్టంగా రాసినా మొదటి రోజు మొదలుపెట్టిన విస్తృత పరిధి మందే కొనసాగుతుంది. కొన్ని రిపోర్టులు రోగి ఇంటికి వెళ్లాక ఫైలుకు చేరతాయి. కొన్ని రోగి చనిపోయాక. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది మరణించారని అంచనా. ఆ అంకెను ప్రసంగాల్లో చెప్పేవారు తమ ఆసుపత్రిలో ఏ మందు పనిచేస్తుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు వచ్చాక ఎంతమందికి మందు మార్చారో ఒక్కసారి లెక్క తీయించండి.

మా డిమాండ్లు ఇవీ.

ప్రతి ఆసుపత్రిలో నమూనాల సేకరణకూ రవాణాకూ పేరున్న ఒక బాధ్యుణ్ని నియమించాలి. అత్యవసర విభాగంలోనూ ఐసీయూలోనూ రక్త కల్చర్ సీసాలు తాళం లేని చోట ఉంచాలి. రాత్రి వేళ కనీసం రక్తం, వెన్ను ద్రవం స్వీకరించి గ్రామ్ స్టెయిన్ చేసేంత సిబ్బంది ల్యాబులో ఉండాలి. వివరాలు లేని, చెడిపోయిన నమూనాను కారణం చెప్పి తిప్పి పంపే అధికారం మాకు కాగితం మీద కాక ఆచరణలో ఇవ్వాలి. వెన్ను ద్రవం, బయాప్సీ లాంటి మళ్లీ తీయలేని వాటిని మేము ఎలాగూ తిప్పి పంపం. మైక్రోబయాలజిస్టు వారానికి రెండుసార్లయినా ఐసీయూ రౌండ్స్‌లో ఉండాలి. రోగి డిశ్చార్జి కాగితంలో దొరికిన సూక్ష్మజీవి పేరు, అది లొంగే మందుల పేర్లు తప్పనిసరిగా రాయాలి. తర్వాత ఇంకో ఆసుపత్రికి వెళ్లినా ఆ మనిషి మళ్లీ మొదటికి రాకుండా ఉంటాడు.

అధికారులకు విడిగా ఒక మాట. యంత్రం కొనే ఉత్తర్వులోనే దాని రసాయనాలకూ మరమ్మతులకూ నడిపే మనుషులకూ నిధులు చూపండి. ప్రతి ఆసుపత్రి నెలనెలా మూడు అంకెలు బయటపెట్టాలని ఆదేశించండి: చర్మపు బ్యాక్టీరియాతో కలుషితమైన రక్త కల్చర్ల శాతం, తక్కువ రక్తంతో వచ్చిన సీసాల శాతం, తిప్పి పంపిన నమూనాల సంఖ్య. మొదటిది 3 శాతం దాటకూడదన్నది చాలాకాలంగా అందరూ ఒప్పుకున్న ప్రమాణం. ఈ లెక్కలు ఇప్పటికే మా రిజిస్టర్లలో ఉన్నాయి. అడిగినవారు లేరు.

రోగుల బంధువులు కూడా అడగండి. ‘యాంటీబయాటిక్ ఇచ్చే ముందు కల్చర్‌కు తీశారా?’ అని మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోరు.

ఈ డిమాండ్లలో వేటిని ఎప్పటిలోగా అమలు చేస్తారో, వేటిని చేయలేరో, ఎందుకు చేయలేరో నెల రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఆ జవాబును ప్రతి వార్డు నోటీసు బోర్డులోనూ పెట్టండి.

ఇట్లు,
ల్యాబు బల్ల దగ్గర పనిచేసే ఒక మైక్రోబయాలజిస్టు